పడుకుని పోయిన గుండు

పోచన్నకు కారణం తెలియని సంగతి లోకంలో లేదు. ఆయన చెప్పే కారణాల్లో ముప్పాతిక వంతు తప్పని తర్వాత తేలేవి, అది వేరే మాట. మేక పాలు తగ్గితే ఎందుకో చెప్పేవాడు. మస్కట్‌లో విమానం ఆలస్యమైతే ఎందుకో చెప్పేవాడు. ఖర్జూరపు తోటలో మోటారు కాలిపోతే, అది కాలకముందే ఎందుకు కాలబోతోందో చెప్పేవాడు. కానీ కళ్లతో చూసిన దాన్ని మాత్రం చూసినట్టే చెప్పేవాడు. కారణాలు కల్పించేవాడు గానీ సంగతులు కల్పించేవాడు కాదు. ఈ తేడా కనిపెట్టలేని వాళ్లతో ఆయనకు జీవితమంతా పేచీయే.

మెట్‌పల్లి దగ్గర వాళ్ల ఊరు. కుర్రతనంలో వాలీబాల్ పోటీలకు గీత దగ్గర నిలబడి బంతి లోపల పడిందో బయట పడిందో చెప్పేవాడు. ఒకసారి ఫైనల్లో సర్పంచి కొడుకు కొట్టిన ఆఖరి బంతి గీత దాటిందని జెండా ఊపాడు. ఊరి జట్టు ఓడిపోయింది. ఆ ఏడాదంతా ఆయనను ఎవరూ పనికి పిలవలేదు. "బంతి బయట పడ్డది, నేనేం జేయాలె" అనేవాడు. ఊళ్లో పని దొరక్క గల్ఫ్ తోవ పట్టినవాళ్లు చాలామంది ఉంటారు. బంతి బయట పడ్డందుకు ఒమన్ వచ్చినవాడు బహుశా పోచన్న ఒక్కడే.

మొదట సొహార్‌లో సైట్ పని. తర్వాత ఖబూరాలో ఖల్ఫాన్ గారి ఖర్జూరపు తోట. ఖల్ఫాన్ అగ్నిమాపక శాఖలో అధికారిగా చేసి రిటైరైన మనిషి. మంటలార్పే ఉద్యోగం చేశాడు గానీ ఆయన కోపం మాత్రం ఎండుగడ్డికి అంటుకున్నట్టు అంటుకునేది. అంత తొందరగానూ ఆరిపోయేది. పోచన్న ఆయనను అక్కడివాళ్లలాగే 'అర్బాబ్', అంటే యజమాని, అని పిలిచేవాడు. ఆయనకు హిందీ బాగానే వచ్చు, పోచన్నకు అరబ్బీ కొద్దిగా వచ్చు. యజమానీ పనివాడూ ఆ రెండు భాషలకూ మధ్య ఎక్కడో కలుసుకుని మాట్లాడుకునేవాళ్లు. ఇంట్లో వంట చేసే గురవమ్మది కడప జిల్లా. ఆమెతో మాట్లాడేటప్పుడే పోచన్నకు నోరారా మాట్లాడినట్టుండేది.

ఖల్ఫాన్‌కు ఉన్న ఒకే ఒక పిచ్చి గురిపందాలు. శుక్రవారం పొద్దున్నే కొండల దిక్కున ఉన్న షూటింగ్ క్లబ్‌కు తన పాత రైఫిల్ పట్టుకుని పోయేవాడు. వెంట పోచన్న ఉండాల్సిందే. పోచన్న డ్యూటీ గురి కాగితం దగ్గర. అక్కడ మనిషి లోతు కాంక్రీటు కందకం ఉంటుంది. అందులో క్షేమంగా కూర్చుని, గుండు పడగానే కాగితం బిగించిన చట్రాన్ని కిందికి దించి, రంధ్రం ఎక్కడ పడిందో చూసి, వాకీటాకీలో చెప్పాలి. అసలు పడకపోతే "మాఫీ" అనాలి. మన దగ్గర మాఫీ అంటే రైతు మొహం వెలుగుతుంది. అరబ్బీలో ఆ మాటకు 'లేదు' అని అర్థం. అది విన్నప్పుడు ఖల్ఫాన్ మొహం ఎలా ఉండేదో కందకంలో ఉన్న పోచన్నకు ఎప్పుడూ కనిపించలేదు. బహుశా అందుకే అంత ధైర్యంగా చెప్పేవాడు.

ఏటా చలికాలంలో ఖల్ఫాన్‌కూ ఆయన బావమరిది హుమైద్‌కూ పందెం. ఓడినవాడు గెలిచినవాడి మనుషులందరికీ తన చేత్తో కాఫీ పోయాలి. ఖల్ఫాన్ వరుసగా పోస్తూనే ఉన్నాడు. సముద్రం నుంచి వచ్చే గాలి తన గుండ్లను పక్కకు నెట్టేస్తోందనీ, హుమైద్ కొత్త రైఫిల్‌తో బరువైన గుండ్లు కాలుస్తాడు కాబట్టి అవి గాలికి లొంగవనీ ఆయన లెక్క. ఆ లెక్కలో తప్పేమీ లేదు. ఆయన ఎక్కడో దక్షిణాఫ్రికాలో చేత్తో గుండ్లు తయారుచేసే ఒక ముసలాయనను పట్టుకుని, హుమైద్ గుండ్ల కంటే పొడుగైనవీ బరువైనవీ ప్రత్యేకంగా చేయించుకున్నాడు. క్లబ్బు వాళ్లు కాగితాలన్నీ చూసి, వాటిని తూటాలుగా కట్టి ఇచ్చారు.

ఒక గుండు ఇంటికి తెచ్చి, హుమైద్‌తో సహా అందరికీ చూపించాడు. రాగి రంగులో, సూదిమొనతో తళతళలాడుతోంది. గురవమ్మ అప్పుడు కూర తరుగుతూ ఉంది.

"పాతవి ఖర్జూరం గింజల మాదిరి ఉండె. ఇదేంది పోచన్నా, బెండకాయ మాదిరి ఉండాది" అంది.

"బరువెక్కువుంటే గాలి ఏం జెయ్యదక్కా. ఎద్దుబండి గాలికి కొట్టుకపోతదా?" అన్నాడు పోచన్న. ఆ ఒక్క కారణం మాత్రం ఆయన సరిగ్గానే చెప్పాడు.

ఆ శుక్రవారం క్లబ్బులో ఖల్ఫాన్ స్నేహితులంతా చేరారు. మొదటి గుండు పేలింది. పోచన్న చట్రం దించి చూశాడు. కాగితం మీద ఏమీ లేదు. "మాఫీ" అన్నాడు. రెండోదీ మాఫీ. మూడోది కాగితం మూలకు తగిలింది. పోచన్న దాన్ని చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. గుండు పడితే వేలు పట్టేంత గుండ్రటి రంధ్రం ఉండాలి. అక్కడ పొడుగ్గా, మొన ఒక వైపు, మొదలు ఒక వైపు, బెండకాయను కాగితం మీద అడ్డంగా పెట్టి గీసినట్టు చిరిగి ఉంది.

దీన్ని అరబ్బీలో ఏమంటారో ఆయనకు తెలియదు. హిందీలోనూ తట్టలేదు. కాసేపు ఆలోచించి, తనకు తెలిసిన రెండు మాటలు కలిపి వాకీటాకీలో చెప్పాడు. "అర్బాబ్, గోలీ నౌమ్."

గోలీ అంటే హిందీలో గుండు. నౌమ్ అంటే అరబ్బీలో నిద్ర.

"ఏంటి?" అన్నాడు ఖల్ఫాన్.

"గోలీ నౌమ్, అర్బాబ్. నిలబడి రాలేదు. పడుకుని వచ్చింది."

వాకీటాకీలో వెనక నుంచి నవ్వులు వినిపించాయి. అక్కడున్న వాళ్లంతా కాఫీ గిన్నెలు కింద పెట్టి మరీ నవ్వారట. నాలుగో గుండు మాఫీ. ఐదోది మళ్లీ అడ్డంగా. పోచన్న మళ్లీ "నౌమ్" అన్నాడు. సాయంత్రానికి ఖబూరా మార్కెట్లో చేపలమ్మేవాడు కూడా ఖల్ఫాన్‌ను చూసి, "ఏమండీ, మీ గుండ్లు లేచాయా?" అని అడిగాడు.

ఆ రాత్రికి పోచన్న దగ్గర కారణాలు సిద్ధమయ్యాయి. బరువుకు గుండు సగం దూరంలో అలిసిపోతోందన్నది మొదటిది. కాగితం వదులుగా కట్టడం వల్లనన్నది రెండోది. గురవమ్మ ఈ రెండూ కొట్టిపారేసింది. "హుమైద్ ఆ గుండు చేతిలో పట్టుకోని యెంతసేపు సూసె, మాషాల్లా అని దేవుణ్ణి గూడా తల్సల్యా. దిష్టి తగిలింది" అంది. పోచన్న వెంటనే దాన్ని మూడో కారణంగా చేర్చుకున్నాడు.

మర్నాడు ఖల్ఫాన్ నిద్రపోతుండగా గురవమ్మ ఎండుమిరపకాయలూ ఉప్పూ తీసుకుని, తాళం వేసి ఉన్న తుపాకీ బీరువా చుట్టూ తిప్పి, బొగ్గుల మీద వేసింది. ఆ ఇంట్లో రోజూ సాంబ్రాణి పొగకు అలవాటుపడ్డ ముక్కులకు గుంటూరు మిరప ఘాటు కొత్త. ఖల్ఫాన్ దగ్గుతూ లేచి, అగ్నిమాపక శాఖ అలవాటు చొప్పున అందరినీ బయటికి తోలి, బకెట్ నీళ్లు తెచ్చి బొగ్గుల మీద కుమ్మరించాడు. సంగతి విన్నాక ఆయన కోపం గురవమ్మ మీదికి పోలేదు. తిన్నగా పోచన్న మీదికి వచ్చింది.

"గుండు ఎప్పుడూ ముక్కు ముందు పెట్టుకునే పోతుంది. నా జన్మలో అడ్డంగా పోయే గుండు చూడలేదు. నువ్వే పుల్లతో పొడిచి ఉంటావు, నలుగురినీ నవ్వించడానికి" అన్నాడు.

"నేను చూసిందే చెప్పిన అర్బాబ్."

"రేపటి నుంచి మేకల దగ్గర ఉండు."

మేకల పని పోచన్నకు కష్టం కాదు. పచ్చగడ్డి వేయడం, నీళ్లు పట్టడం, కొమ్ములున్న పోతుకు దూరంగా ఉండడం, అంతే. కానీ రెండు మూడు రోజులు ఆయన ఏ సంగతికీ కారణం చెప్పలేదు. అది చూసి గురవమ్మకు దిగులైంది.

"ఏమప్పా, మేకపోతు పొడిచిందా?"

"అది పొడిస్తే పొడవనియ్యక్కా. నాకు తెలివి లేదను, పడతా. కారణం తప్పను, గది గూడ పడతా. కండ్లార చూసింది అబద్ధమంటే యెట్ల?"

గురవమ్మ ఆ పూట చేపల పులుసులో ఆయనకు తలకాయ వేసింది.

కాగితం దగ్గర పోచన్న బదులు కమ్రాన్‌ను పెట్టారు. కమ్రాన్ క్లబ్బులో పనిచేసే మనిషి. సౌమ్యుడు. ఆ తర్వాతి శుక్రవారం ఖల్ఫాన్ కాల్చిన ప్రతి గుండుకూ వాకీటాకీలో "జైన్, అర్బాబ్, జైన్" అన్నాడు. జైన్ అంటే బావుందని. ఆఖర్న కాగితం కూడా తెచ్చి చూపించాడు. మధ్య నల్ల చుక్క చుట్టూ గుండ్రటి రంధ్రాలు ముచ్చటగా ఉన్నాయి. ఖల్ఫాన్ దాన్ని తెచ్చి చుట్టాలు కూర్చునే గదిలో గోడకు అంటించుకున్నాడు. హుమైద్‌కు ఫోటో కూడా పంపాడు.

మరుసటి వారం ఆయన కూతురు షమ్సా మస్కట్ నుంచి వచ్చింది. అక్కడ బడిలో ఫిజిక్స్ టీచరు. పిల్లల నోట్లు దిద్దీ దిద్దీ, ఏ కాగితం కనిపించినా దగ్గరగా చూడ్డం ఆమెకు అలవాటైపోయింది. గోడ దగ్గర నిలబడి కాసేపు చూసింది.

"బాబా, నీ గుండ్లకు నీలం సిరా ఎక్కడిది?" అంది.

ఖల్ఫాన్ లేచి వచ్చి చూశాడు. ప్రతి రంధ్రం అంచుకూ సన్నగా నీలం మరక ఉంది. కాగితం మూలల్లో నాలుగైదు చోట్ల తెల్ల స్టిక్కర్లు అతికించి ఉన్నాయి. ఒకటి ఊడదీస్తే కింద బెండకాయ.

కమ్రాన్‌ను పిలిపిస్తే, రంధ్రాలు పెన్నుతో పొడిచానని దాచకుండా ఒప్పుకున్నాడు. "నిజం చెప్పినందుకు పోచన్న మేకల దగ్గరికి పోయాడు సాబ్. నాకు చిన్నప్పటి నుంచి మేకలంటే భయం" అన్నాడు. ఖల్ఫాన్‌కు కోపం రావాల్సిందే. అది అంటుకోకముందే షమ్సాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వితే ఆయనకూ ఆగలేదు.

మర్నాడు పొద్దున ఖల్ఫాన్ మడమల దాకా వేలాడే తెల్లటి దిష్‌దాషా మురికవుతుందని కూడా చూసుకోకుండా మేకల దొడ్డి దాకా నడిచి వచ్చాడు. చేతిలో వాకీటాకీ. దాన్ని కంచె గుంజకు తగిలించాడు. "చార్జింగ్ పెట్టాను" అని మాత్రం అని వెళ్లిపోయాడు. పోచన్న దాన్ని తీసుకుని, అంగీతో తుడిచి, జేబులో పెట్టుకున్నాడు. క్షమాపణ అంతటితో అయిపోయింది.

ఆ శుక్రవారం షమ్సా కూడా క్లబ్బుకు వచ్చింది. తండ్రి ముందు మూడు కాగితాలు ఒకదాని వెనక ఒకటి, మధ్య మధ్య బాగా ఎడం వదిలి కట్టించింది. ఒకే గుండు మూడింటి గుండా పోవాలి. ఖల్ఫాన్ కాల్చాడు. తుపాకీ ఖాళీ చేసి పక్కన పెట్టాక అందరూ కలిసి నడిచి వెళ్లి చూశారు. మొదటి కాగితంలో రంధ్రం కోడిగుడ్డులా ఉంది. రెండోదాంట్లో ఇంకాస్త సాగింది. మూడోదాంట్లో గుండు పూర్తిగా అడ్డం తిరిగి హాయిగా పడుకుని పోయింది.

పోచన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చెప్పు" అన్నాడు ఖల్ఫాన్.

"నౌమ్, అర్బాబ్."

"అవును. నౌమే" అన్నాడు ఖల్ఫాన్.

ఎందుకు అన్నది మిగిలింది. షమ్సా దక్షిణాఫ్రికా ముసలాయనకు ఫోన్ చేసింది. ఆయన అంతా విని ఒకటే అడిగాడట, "మీ నాన్న తుపాకీ బారెల్‌లో మెలి ఎంత?" అని. ఆ ప్రశ్న ఆయన గుండ్లు చేయకముందే ఒకసారి ఖల్ఫాన్‌ను అడిగాడు. అప్పుడు ఖల్ఫాన్ ఇచ్చిన జవాబు, "మా నాన్న వాడిన బారెల్, చాలా మంచిది" అని.

రైఫిల్ గొట్టం లోపల నున్నగా ఉండదు. తాడు పేనినట్టు మెలి తిరుగుతూ గాళ్లు ఉంటాయి. గుండు వాటిని కరుచుకుని గిర్రున తిరుగుతూ బయటికి వస్తుంది. ఆ తిరుగుడే దాన్ని గాలిలో ముక్కుసూటిగా నిలబెడుతుంది. ఆ మెలి ఎంతో కొలవడానికి షమ్సా బారెల్ తుడిచే కడ్డీకి గట్టిగా గుడ్డ చుట్టింది. కడ్డీ మీద పైన ఒక గీత గీసి, మెల్లగా లోపలికి నెట్టింది. లోపలికి పోయే కొద్దీ గాళ్ల వెంబడి కడ్డీ తిరిగింది. గీత ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చేసరికి ఎంత లోపలికి పోయిందో టేపుతో చూసింది. పద్నాలుగు అంగుళాలు. ఈ పొడుగు గుండ్లకు ఎనిమిది అంగుళాలకే ఒక చుట్టు తిరిగే బారెల్ కావాలన్నాడు ముసలాయన.

"అయితే ఇది తక్కువ తిప్పుతుంది. తిప్పితే ఏం, తిప్పకపోతే ఏం? బరువైంది కదా" అన్నాడు ఖల్ఫాన్. ఆయనకు ఇంకా మింగుడుపడలేదు.

షమ్సా వంటింట్లోకి వెళ్లి క్యారెట్లు తెచ్చింది. పొట్టి ముక్క ఒకటి, పొడుగు ముక్క ఒకటి కోసి, రెండింటికీ నడిమధ్యన పళ్లు కుట్టుకునే పుల్లలు గుచ్చి బొంగరాల్లా చేసింది. పొట్టిదాన్ని రెండు వేళ్లతో తిప్పితే బల్ల మీద బుద్ధిగా నిలబడి తిరిగింది. పొడుగుదాన్ని అంతే బలంతో తిప్పితే రెండుసార్లు తూలి పడుకుంది. మళ్లీ తిప్పితే మళ్లీ పడుకుంది. అప్పుడామె రెండు అరచేతుల మధ్య పెట్టి రయ్యిన తిప్పి వదిలింది. ఈసారి నిలబడింది.

"పొడుగు పెరిగే కొద్దీ ఎక్కువ తిరగాలి బాబా. నీ బారెల్‌కు అంత ఓపిక లేదు. పొట్టి గుండ్ల కోసం పుట్టిన బారెల్ అది."

ఖల్ఫాన్ ఆ పొడుగు క్యారెట్‌ను తానే నాలుగుసార్లు తిప్పి చూశాడు. పోచన్న ఆరుసార్లు తిప్పాడు. "నేను గదే అన్న గద, బరువుకు అలిసిపోతున్నదని" అన్నాడు చివరికి.

"నువ్వు ఆ మాట మీద నిలబడల్యా. కడాకు దిష్టి అంటివి" అంది గురవమ్మ. "ఇంగ ఆ క్యారెట్లు ఇట్లీండి, బిరియానీలోకి తెచ్చుకున్యా."

పందెం నాటికి కొత్త బారెల్ వచ్చే దారి లేదు. దానికి అనుమతులు కావాలి, నెలలు పడుతుంది. నాన్న వాడిన బారెల్ తీసేయడానికి ఖల్ఫాన్‌కు మనసు కూడా రాలేదు. కాబట్టి పాత పొట్టి గుండ్లతోనే దిగాడు. ఆ రోజు సముద్రపు గాలి కూడా దయ తలిచి కాసేపు పడిపోయింది. కందకంలో ఇద్దరి కాగితాలూ పోచన్నే చూశాడు. హుమైదే అలా అడిగాడు. "తన యజమాని గుండుకే నిద్రపోయిందని చెప్పిన మనిషి నా గుండుకు అన్యాయం చేయడు" అన్నాడట.

చివరి గుండు దాకా ఇద్దరూ సమానంగా వచ్చారు. హుమైద్ ఆఖరి గుండు నడిమి వలయంలో పడింది. ఖల్ఫాన్‌ది ఆ వలయం గీతకు తగిలీ తగలనట్టు పడింది. పోచన్న కాగితాన్ని ఇటు వంచి చూశాడు, అటు వంచి చూశాడు. గీత తగిలితే బావుండునని ఆయనకు ఎంతగానో అనిపించింది. మేకల దొడ్డి దాకా నడిచి వచ్చిన తెల్ల దిష్‌దాషా కూడా కళ్లలో మెదిలింది. మళ్లీ చూశాడు. తగల్లేదు.

"బయట, అర్బాబ్" అన్నాడు.

అవతలి నుంచి ఖల్ఫాన్ గొంతు నిదానంగా వచ్చింది. "ఎంత బయట?"

"వెంట్రుకంత."

"సరే. పైకి రా. కాఫీ చల్లారిపోతుంది."

ఆ పూట ఖల్ఫాన్ గెలిచినవాళ్లందరికీ కాఫీ పోసి, తిరిగి వచ్చి పోచన్నకూ ఒక గిన్నె పోశాడు. అందరి ముందూ హల్వా పళ్లెం జరిపి, తీసుకోమన్నాడు. తర్వాత మిగిలిపోయిన పొడుగు గుండ్ల డబ్బా తెచ్చి హుమైద్ ముందు పెట్టాడు. హుమైద్ రైఫిల్ బారెల్‌ది ఎనిమిది అంగుళాల మెలి. "నీ తుపాకీకి సరిపోతాయి. కాల్చి చూడు" అన్నాడు.

క్లబ్బు వాళ్లు చూసి సరేనన్నాక హుమైద్ ఐదు గుండ్లు కాల్చాడు. మధ్యాహ్నమైంది, గాలి మళ్లీ లేచింది. అయినా ఐదింటి రంధ్రాలూ ఒక టీ కప్పు మూతి కింద దాక్కునేంత దగ్గరగా పడ్డాయి. అన్నీ చక్కగా, గుండ్రంగా. పోచన్న ఆ సంగతి చెప్పగానే ఖల్ఫాన్ ఛాతీ పెద్దదైంది. "చూశారా, నా గుండ్లు. నేను చేయించినవి" అని అక్కడున్న ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి మరీ చెప్పాడు. ఓడిన మనిషి అంత సంతోషంగా ఉండడం హుమైద్ ఎన్నడూ చూడలేదు. గెలిచిన ఆయనే కాస్త చిన్నబోయాడు.

ఇప్పుడు పోచన్న మేకలూ తోటా చూసుకుంటూనే, క్లబ్బులో పెద్ద పోటీలున్నప్పుడల్లా కందకంలో కూర్చుంటున్నాడు. రెండు పక్షాలవాళ్లూ ఆయననే అడుగుతారు. కమ్రాన్ పక్కనే కూర్చుని చట్రం దించుతాడు. ఫలితం చెప్పే పని మాత్రం పోచన్నదే. వాళ్లిద్దరి మధ్యా ఈ మధ్యనే స్నేహం కుదిరింది. మేకలంటే మనిషికి భయం ఎందుకు పుడుతుందో పోచన్న అతనికి విడమరిచి చెబుతున్నాడు.

ఊళ్లో ఉన్న భార్య లచ్చవ్వ ఓసారి ఫోన్లో అడిగింది. "తోట పనేనా, ఇంకేమన్న పెట్టిండ్రా?"

"శుక్రారం శుక్రారం కాయితానికి బొక్క యాడ పడ్డదో చూసి చెప్తున్న."

లచ్చవ్వ పొయ్యి మీది అన్నం మెతుకు పట్టి చూసింది. "దానికి గూడ మనిషిని పెట్టుకుంటరా?"

"ఊకె చూస్తే సాలదే" అన్నాడు పోచన్న. "చూసింది చూసినట్టు చెప్పాలె. అందుకే దొరుకుతలేరు." ఆ తర్వాత, ఎందుకు దొరకడం లేదో వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. లచ్చవ్వ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి, అన్నం వార్చుకోవడానికి లేచింది.